అండా కింది మంట: కట్టెల పొయ్యిపై ఒక సంవాదం

ఇంట్లో కట్టెల పొయ్యి ఉండాలా వద్దా అన్న వాదం హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో ఒక విధంగా పాతబడిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్జ్వల పథకం, 2024 చివర్లో ఏటా మూడు ఉచిత సిలిండర్లతో వచ్చిన దీపం-2 కలిసి వంటగ్యాసును మారుమూల పల్లెల దాకా చేర్చాయి. అయినా గ్యాసు వచ్చిన ఇంటి నుంచి కట్టెల పొయ్యి పూర్తిగా వెళ్ళిపోలేదు. వంటింటి మూల నుంచి పెరట్లోకి, బచ్చలి (స్నానాల గది) పక్కకు జరిగి, కొన్ని పనులను మాత్రం తన చేతిలోనే ఉంచుకుంది. అలా మిగిలిన పొయ్యిని ఎలా ఎంచుకోవాలి, ఎక్కడ కట్టుకోవాలి, మొరాయిస్తే ఏం చేయాలి అన్నవే ఈ సంవాదానికి విషయాలు.

వక్తలు ఇద్దరు, ఇద్దరూ కల్పితులే. ఒకరు పెనుకొండ వైపు రాతిపనీ మట్టిపనీ రెండూ తెలిసిన మేస్త్రి. మరొకరు హిందూపురంలో భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయిని, అందరి నోటా టీచరమ్మ. వాదం గాలిలో తేలిపోకుండా ఒక ఇంటిని ఊహించుకోవలసి ఉంది: ధర్మవరంలో ఒక నేతపని ఇల్లు, ముందుగదిలో గుంతమగ్గం, వెనక వంటిల్లు, ఆ వెనక బచ్చలి, ఇరుకు పెరడు. ఆ ఇంటామె ఎక్కువసేపు వింటుంది, తక్కువ మాట్లాడుతుంది.

టీచరమ్మ: పొయ్యిని కొలతలు చూసి కొనుక్కోవాలి మేస్త్రిగారూ, వాడుక మీద నమ్మకంతో కట్టుకుంటే చాలదు. ఎత్తి పెట్టుకోగల పొయ్యిలకు భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 13152 పేరుతో ప్రమాణం నిర్ణయించి, 2013లో దాన్ని సవరించింది. దాని ప్రకారం, తనంతట తాను గాలి పీల్చుకునే పొయ్యి కట్టెలోని వేడిలో కనీసం 25 శాతాన్నీ, చిన్న ఫ్యానుతో గాలి తోసే పొయ్యి 35 శాతాన్నీ పాత్రకు అందించాలి; పాత్రకు చేరిన ఒక్కో మెగాజౌల్ వేడికి వెలువడే పొగరేణువులు మొదటి రకంలో 350 మిల్లీగ్రాములు, రెండో రకంలో 150 మిల్లీగ్రాములు దాటకూడదు. మూడు పొయ్యిగుండ్ల మీద పది పదిహేను శాతానికి మించి పాత్రకు చేరదు. ఆ ప్రమాణపు ముద్ర ఉన్న ఇనుప పొయ్యి దొరుకుతుండగా కొలత లేని మట్టిపొయ్యిని కోరుకోవడానికి కారణం కనిపించదు.

మేస్త్రి: ఆ కొలత తీసేది ఎండిన కట్టెను ఒకే సైజులో నరికి, ఒకే పాత్ర పెట్టి, పని తెలిసిన మనిషి మంట చూసుకుంటున్నప్పుడు టీచరమ్మా. ఈ వైపు ఇళ్ళకు వచ్చే వంటచెరకు రకరకాలు: కోత అయ్యాక కందికట్టె, పట్టుపురుగులకు ఆకు మేపగా మిగిలిన మల్బరీ రెమ్మలు, చెరువుకట్టల మీద పెరిగిన సీమజాలి మొద్దులు, చింతకొమ్మలు, ఎప్పుడైనా కొబ్బరిమట్టలు. కందికట్టె భగ్గుమని మండి చల్లారుతుంది, సీమజాలి గంటలకొద్దీ నిప్పుగా నిలుస్తుంది. ఇనుప పొయ్యి నోరు చిన్నది కాబట్టి సీమజాలిని వేలిలావు పేళ్ళుగా చీల్చాలి, ఆ గొడ్డలిపని చేసేదెవరో ఏ ప్రమాణంలోనూ రాసి ఉండదు. పైగా సంగటి గెలికేటప్పుడు తేలికపాటి పొయ్యి కదులుతుంది, కదిలే పొయ్యి మీద మరిగే నీళ్ళు ఉంటే ఒళ్ళు కాలుతుంది.

సంగటి ప్రస్తావన వాదంలోకి ఊరికే రాలేదు. బియ్యం లేదా నూకలు ఉడికి ఎసరు ఇంకా మిగిలి ఉండగానే రాగిపిండిని మధ్యలో కుప్పగా పోసి, కట్టెతో ఒక బొక్క పెట్టి, మూతవేసి, సన్నని సెగ మీద పిండి మగ్గేదాకా వదిలి, తరువాత తెడ్డుతో బలంగా గెలుకుతారు. కొందరు పాత్రను దించి కాళ్ళతో అదిమిపట్టి గెలుకుతారు, కొందరు పొయ్యి మీదే ఆ పని కానిస్తారు. అంటే ఒకే వంటకు మొదట పెద్దమంట, తరువాత మంటలేని నిప్పులు, చివర కదలని ఆధారం కావాలి. అడుగున ఇనుప జల్లెడ, అంటే నిప్పుల కిందనుంచి గాలి పోనిచ్చే కమ్మీల చట్రం ఉన్న పొయ్యిలో బొగ్గు కూడా త్వరగా కాలిపోతుంది, కాబట్టి మగ్గించే సెగ నిలవదు. పొగ తగ్గించే ఏర్పాటే ఈ వంటకు అవసరమైన నిప్పును తినేస్తుందన్నది మేస్త్రి వాదంలో నిజంగా బలమున్న భాగం.

టీచరమ్మ ఆ బలాన్ని ఒప్పుకుంటూనే దాని అవసరాన్ని ప్రశ్నించింది. సంగటిని గ్యాసు మీద చేయని ఇల్లు ఇప్పుడు హిందూపురంలో ఎన్ని ఉంటాయి, గ్యాసు సెగను పిడి తిప్పి తగ్గించినంత సులువుగా ఏ నిప్పులనూ తగ్గించలేరు కదా, గెలికే ముందు పాత్రను దించుకుంటే పొయ్యి బరువుతో పనేమిటి అని ఆమె అడిగింది. పండుగనాటి వంట, పదిమందికి వండే అన్నం తప్ప, రోజువారీ వంటకు కట్టెలను సమర్థించే కారణమే మిగలలేదన్నది ఆమె పక్షం. మేస్త్రి దీనికి నేరుగా జవాబు చెప్పకుండా వాదాన్ని బచ్చలి వైపు తిప్పాడు. తప్పించుకోవడంలా కనిపించినా, అసలు విషయం బయటపడింది అక్కడే.

మేస్త్రి: వంట సంగతి అటుంచితే, స్నానాల నీళ్ళు దేనిమీద కాగుతున్నాయో చూడాలి. ఇంటికి వచ్చే కట్టెలో పెద్దవాటా అండా కిందికే పోతోంది.

అండా అంటే నీళ్ళు కాచుకోవడానికి గోడవారగా కూర్చోబెట్టే పెద్ద రాగి లేదా ఇత్తడి పాత్ర. ఇప్పుడు చాలా ఇళ్ళలో అల్యూమినియం పాత్ర దాని స్థానంలోకి వచ్చింది. టీచరమ్మ అక్కడికక్కడే లెక్క వేసింది. ఐదుగురున్న ఇంట్లో మనిషికి ఇరవై లీటర్ల చొప్పున వంద లీటర్ల నీటిని ఇరవై డిగ్రీలు వేడెక్కించడానికి సుమారు 8.4 మెగాజౌళ్ళు కావాలి. గాలికి ఆరిన కట్టె కిలోకు దాదాపు 15 మెగాజౌళ్ళు ఇస్తుంది కాబట్టి, పదిశాతం మాత్రమే పాత్రకు చేర్చే పొయ్యి మీద రోజుకు ఐదున్నర కిలోల కట్టె కాలుతుంది, పాతికశాతం చేర్చే పొయ్యి మీద రెండుంబావు కిలోలు చాలుతాయి. అదే నీటిని గ్యాసు మీద కాస్తే, 14.2 కిలోల సిలిండరులో ఉన్న దాదాపు 650 మెగాజౌళ్ళలో ఐదింట మూడు వంతులు నీటికి చేరాయనుకున్నా, సిలిండరు నెలన్నరకు అయిపోతుంది. స్నానాలకే ఏడాదికి ఎనిమిది సిలిండర్లు. మూడు సిలిండర్లు ఉచితంగా వచ్చే ఇల్లు ఎనిమిది సిలిండర్లను బచ్చలిలో పోయదు. కట్టెల పొయ్యి మిగిలిందంటే అలవాటు వల్లనో మొండితనం వల్లనో కాదని ఈ లెక్క చెబుతుంది. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైన ఉంది, మార్గశిర పుష్యమాసాల తెల్లవారుజాముల్లో చన్నీళ్ళు పోసుకోమని ఎవరికీ నచ్చజెప్పలేరు.

టీచరమ్మ సౌరశక్తి వైపు మొగ్గింది. ఇంత ఎండ కాసే నేలలో మిద్దె మీద సోలార్ హీటరు పెట్టుకుంటే కట్టె అవసరమే పోతుందని ఆమె అభిప్రాయం. బోరునీళ్ళలోని ఉప్పు గొట్టాల లోపల పొరలుగా పేరుకుంటుందని, పైకి నీళ్ళెక్కించే ట్యాంకు లేని ఇంటికి ముందు ఆ ఖర్చు వస్తుందని, ముసురు పట్టిన రోజుల్లో మళ్ళీ కట్టే దిక్కవుతుందని మేస్త్రి బదులిచ్చాడు. ఇద్దరి మాటల్లోనూ నిజముంది, ఎవరి ఇంటి బోరునీటిని బట్టి వారు తేల్చుకోవలసిన విషయమిది.

పొయ్యి అవసరమని తేలాక వాదం చరిత్ర మీదికి మళ్ళింది, అక్కడ టీచరమ్మ గట్టి ఆధారాలతోనే వచ్చింది. పొగగొట్టంతో కట్టే మట్టిపొయ్యి కొత్త ఆలోచనేమీ కాదు. గాంధేయుల గ్రామపరిశ్రమల కేంద్రమైన వార్ధా మగన్‌వాడిలో 1947 నాటికే మగన్ చూల్హా అనే నమూనా రూపుదిద్దుకుంది. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు పొగలేని పొయ్యిని రూపొందించి, కోట్లమందికి పొగలేని వంటిళ్ళు అందించాలన్న ఆశయంతో 1953లో ఒక పుస్తకమే ప్రచురించాడు. ఆ పరిశోధనశాల ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలతో అది హెర్ల్ పొయ్యిగా ప్రసిద్ధమైంది. అమూల్య కె.ఎన్. రెడ్డి 1974లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో నెలకొల్పిన ‘అస్త్ర’ విభాగం 1980ల తొలినాళ్ళలో మూడు పాత్రల అస్త్ర ఒలెను తయారుచేయగా, అది హిందూపురానికి పొరుగునే ఉన్న తుమకూరు జిల్లాతో సహా కర్ణాటక పల్లెల్లోకి వెళ్ళింది. కేంద్రం 1983 చివర్లో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని చేపట్టి 2002 దాకా నడిపింది. కట్టిన పొయ్యిలు మూడున్నర కోట్ల వరకూ ఉన్నాయి.

టీచరమ్మ: అన్ని కోట్ల పొయ్యిల్లో ఇప్పుడు కనిపించేవి ఎన్ని మేస్త్రిగారూ? ఒడిశా పల్లెల్లో ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రీమా హన్నా నాలుగేళ్ళపాటు గమనించి చెప్పింది కూడా ఇదే: గొట్టమున్న మట్టిపొయ్యి ఇచ్చిన ఇళ్ళలో మొదటి ఏడు పొగ కొంత తగ్గింది, తరువాత ఆ తేడా మిగలలేదు, ఎందుకంటే పొయ్యిలు పగిలాయి, గొట్టాలు పూడాయి, బాగుచేసుకునేవారు లేక జనం వాటిని వాడటం మానేశారు. అలాంటప్పుడు కారఖానాలో తయారైన పొయ్యే నయం.

మేస్త్రి: కారఖానా పొయ్యి కథా వేరుగా ముగియలేదు. ఆ బెంగళూరు సంస్థ పరిజ్ఞానంతోనే 2006లో ఊర్జా అనే ఫ్యాను పొయ్యి అంగట్లోకి వచ్చింది, పంటచెత్తను అదిమి చేసిన గుళికలు దానికి ఇంధనం. పొగ నిజంగానే తక్కువ. తరువాత గుళికల ధర పెరిగింది, కొన్న ఇళ్ళు పొయ్యిని అటకెక్కించాయి. మట్టిపొయ్యి పగిలితే చెరువుమట్టి ఉంది, గుళిక దొరక్కపోతే ఇక చేసేదేముంది? లెక్కకోసం ఊరికి ఇన్ని అని కట్టి వెళ్ళిపోయిన పొయ్యిలు పాడవడం మట్టి తప్పు కాదు, కట్టినవాడు మూడో ఏడు ఆ వీధికి మళ్ళీ రాకపోవడం తప్పు.

ఈ జవాబులో కొంత వృత్తి అభిమానం ఉన్నా, పొయ్యి ఎంపికకు ఇది శాతాలకన్నా పనికొచ్చే గీటురాయిని ఇస్తుంది. మూడో ఏడాది ఏ భాగం పాడవుతుందో, అది నడిచివెళ్ళేంత దూరంలో దొరుకుతుందో, దాన్ని బిగించగల చేయి ఇంట్లో ఉందో చూసుకున్నాకే పొయ్యి కొనాలి లేదా కట్టించాలి. ఈ దృష్టితో చూస్తే అద్దె ఇంట్లో ఉండేవారికి, రోజుకు ఒక్క పాత్ర మాత్రమే పెట్టేవారికి ముద్ర ఉన్న ఇనుప పొయ్యి సరిపోతుంది, దాన్ని ఆరుబయట వాడుకోవాలి. సొంత ఇల్లు, పెద్ద అండా, మొద్దుకట్టెలు ఉన్నచోట గొట్టంతో కూడిన స్థిరమైన పొయ్యి మేలు. రంపపు పొట్టునో నలిపిన వేరుశెనగ పొట్టునో డబ్బాలో కూరి నడుమ సందు వదిలి మండించే పొట్టు పొయ్యి చవకైనదే గానీ ఒకసారి అంటుకుంటే మధ్యలో ఆపడానికి వీలుండదు.

ధర్మవరం ఇంటికి ఏది నప్పుతుందన్న ప్రశ్న దగ్గర ఇద్దరూ కలిశారు, ఎలా కట్టాలన్న దగ్గర మళ్ళీ విడిపోయారు. ఇక్కడ మగ్గాన్ని మరిచిపోకూడదు. పొగ అంటే ఊపిరితిత్తులే అందరికీ గుర్తుకొస్తాయి, అది సరైనదే: ఇంటి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షలమంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నేతగానికి మరో భయం కూడా ఉంటుంది. తడికట్టె పొగలో నూనెలాంటి జిగురు, అంటే తారు, మసితో కలిసి తేలివచ్చి లేతరంగు పట్టుపడుగు మీద వాలితే, దాన్ని ఉతికి పోగొట్టుకుని చీరను కొత్తదిగా అమ్మడం కుదరదు. గాలి ఇంట్లోంచి పెరట్లోకి వీస్తుందో, పెరట్లోంచి మగ్గం గదిలోకి వీస్తుందో చూశాకే పొయ్యికి చోటు నిర్ణయించాలన్న నియమానికి పట్టునేసే ఇంట్లో ఇంత బరువుంది.

మేస్త్రి సూచించింది ఈ ప్రాంతపు పాత పద్ధతే: అండా బచ్చలి లోపల, పొయ్యినోరు గోడకు అవతల పెరటివైపు. కట్టె పెట్టేది బయట, నీళ్ళు ముంచుకునేది లోపల. దీనికి పొగగొట్టం జతచేయాలన్నది టీచరమ్మ షరతు, ఎంత ఎత్తు అన్న దగ్గర వాదం ముదిరింది. గొట్టం పొగను లాగే బలం వేడిగాలికీ బయటిగాలికీ మధ్య ఉన్న బరువు తేడా నుంచి పుడుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ ఆ తేడా కూడుతుంది. మూడు మీటర్ల గొట్టంలో పొగ 150 డిగ్రీల వద్ద, బయటిగాలి 30 డిగ్రీల వద్ద ఉంటే వచ్చే లాగుడు సుమారు పది పాస్కళ్ళు, అంటే ఒక మిల్లీమీటరు ఎత్తు నీటిపొర కలిగించే ఒత్తిడి. పొగ 80 డిగ్రీలకే చల్లారితే అది సగానికి పడిపోతుంది. చైత్ర వైశాఖాల్లో బయటిగాలే నలభై దాటినప్పుడు ఇంకొంచెం తగ్గుతుంది, కాబట్టి పుష్యమాసంలో బాగా లాగిన పొయ్యి ఎండాకాలంలో మందగిస్తే పొయ్యి చెడిందని అనుకోనక్కరలేదు. ఇంత స్వల్పమైన బలం కావడం వల్లనే గొట్టం అతుకుల్లో వేలు దూరేంత సందు ఉన్నా, పొయ్యికీ అండాకూ మధ్య మట్టి ఊడినా, పొగ దారి మార్చుకుంటుంది.

మేస్త్రి: గొట్టం పిట్టగోడకన్నా కనీసం రెండడుగులు పైకి లేవాలి, పక్కింటివాళ్ళు మేడ లేపితే దాన్నీ దాటాలి. లేకుంటే గాలి ఆ గోడకు కొట్టుకుని కిందికి విరిగి పొగను వెనక్కు తోస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే ఆషాఢపు గాలి ఈ పైకప్పుల మీదా అదే జోరుతో వీస్తుంది, అందుకే గొట్టం కొనకు టోపీ ఉండాలి. టోపీ గొట్టం మూతిని బిగించి మూసేయకుండా నాలుగు వేళ్ళ ఎత్తున నిలబడాలి.

టీచరమ్మ: పాత పథకాల్లో వాడిన ఆస్‌బెస్టాస్ సిమెంటు గొట్టాన్ని మళ్ళీ తేవద్దు. దాన్ని కోసేటప్పుడు లేచే నార ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రాదు. కాల్చిన మట్టిగొట్టం గానీ రేకుగొట్టం గానీ వాడాలి.

పెనుకొండ వైపు పాత చౌడుమిద్దెల్లో గొట్టాన్ని కప్పులోంచి తీయాలంటే మరో చిక్కు ఎదురవుతుంది. దూలాలూ దంతెలూ చెక్కవి, పైపొర వాన నీరు దిగకుండా పరిచిన చౌడుమట్టి. వేడిగొట్టం చెక్కను తాకితే నెలల తరబడి ఎండి, నల్లబడి, ఒకనాడు అంటుకుంటుంది. గొట్టం చుట్టూ జానెడు మేర ఇటుకా మట్టీ కట్టి చెక్కను దూరం పెట్టాలి, పైన నీరు గొట్టం వెంట జారకుండా చౌడు ఎత్తుచేయాలి. పైకప్పులో ముందే గవాచి, అంటే వెలుతురుకూ పొగకూ వదిలిన రంధ్రం ఉంటే కొత్తగా తవ్వే పని తప్పుతుంది. సిమెంటు స్లాబు ఇళ్ళవాళ్ళు కప్పుకు బెజ్జం పెట్టనీయరు, గోడలోంచి బయటికి తీసి గోడవెంట పైకి లేపమంటారు. అలా చేస్తే వంపులు పెరుగుతాయి, గొట్టం చలికి త్వరగా చల్లారి లోపల తారు కారుతుంది. వంపు తప్పకపోతే లంబకోణంలో ఒక్కసారి తిప్పకుండా ఏటవాలుగా రెండుసార్లు తిప్పాలని మేస్త్రి సలహా.

పొయ్యి ఒంటి విషయంలో మేస్త్రి మాటకు ఎదురులేదు. చెరువు బంకమట్టి ఒక్కటే వాడితే ఎండేటప్పుడు కుంచించుకుని బీటలిస్తుంది, అందుకే పుట్టమట్టి, సన్న ఇసుక, తరిగిన గడ్డి లేదా ఊక, పేడ కలిపి తొక్కి, ఒకరోజు మాగబెట్టి కట్టాలి. నీడలో ఆరనిచ్చి మొదటి రోజుల్లో చిన్న మంటలే పెట్టాలి. నునుపు కోసం పైన సిమెంటు పూయడం తరచుగా జరిగే పొరపాటు. సిమెంటును గట్టిగా పట్టి ఉంచే నీటిబంధం నాలుగువందల డిగ్రీలు దాటేసరికి విడిపోతుంది, మట్టీ సిమెంటూ వేర్వేరు కొలతల్లో వ్యాకోచిస్తాయి, పూత పెచ్చులుగా రాలుతుంది. మరో పొరపాటు ఈ రాతిసీమకే ప్రత్యేకం: చేతికందుతుంది కదా అని మంటకు ఎదురుగా నల్లరాతి బండను నిలపడం. గ్రానైటులోని పలుగురాయి 573 డిగ్రీల వద్ద నిర్మాణం మార్చుకుని ఒక్కసారిగా ఉబ్బుతుంది. దక్కను రాతిపనివారు పూర్వం బండమీద మంటపెట్టి పలకలు లేపింది రాయికున్న ఈ బలహీనతను ఆధారం చేసుకునే. కొండమీద ఉపకారం చేసే ఆ గుణం పొయ్యిలో రాతిపెచ్చును ముఖాన కొడుతుంది. బండను బయటి గోడకు ఉంచి, మంట తగిలేచోట ఇటుక పెట్టాలి.

చెడిన పొయ్యిని బాగుచేయడం గురించి టీచరమ్మ వరుసగా అడిగింది, మేస్త్రి ఒక్కోదానికి జవాబిచ్చాడు, కొన్నింటికి ఆమే కారణం చెప్పింది. అంటించగానే పొగ నోటినుంచి వెనక్కు వస్తే అది చల్లటి గొట్టం తాలూకు పని. గొట్టం అడుగున ఉన్న మసిమూత దగ్గర గుప్పెడు కొబ్బరిపీచో కాగితమో వెలిగిస్తే గొట్టం వేడెక్కి లాగడం మొదలుపెడుతుంది. కాసేపు బాగానే మండి తరువాత పొగచూరితే కట్టె ఎక్కువ కుక్కారని అర్థం. మంటకు గాలి చాలక కట్టెలోంచి వెలువడిన ఆవిరి మండకుండానే పోతోంది. ఊదుగొట్టంతో ఊదేకన్నా ఒక కొరివిని వెనక్కు లాగడం మేలు. రెండు కుంటల, అంటే పాత్ర పెట్టే రెండు గుంటలున్న పొయ్యిలో రెండోదాని మీద పాత్ర లేకపోతే దాన్ని మూయాలి, తెరిచి వదిలితే గొట్టం పొయ్యిని వదిలి ఆ కుంటలోంచి చల్లగాలిని పీలుస్తుంది. రెండో పాత్ర ఎప్పటికీ కాగకపోతే నడిమి సొరంగంలో బూడిద నిండి ఉంటుంది, లేదా సొరంగం పైకి ఏటవాలుగా కాక బల్లపరుపుగా కట్టి ఉంటారు.

నెమ్మదిగా, వారాల మీద లాగుడు తగ్గితే దోషం మసిది. నాలుగంగుళాల గొట్టంలో చుట్టూ అరంగుళం మసి పేరుకుంటే మిగిలే దారి మూడంగుళాలు. చూడటానికి పెద్దదిగానే ఉన్నా వైశాల్యం దాదాపు సగానికి పడిపోయినట్టే. తాడుకు గోనెసంచి ముక్క కట్టి పైనుంచి లాగితే గొట్టం శుభ్రపడుతుంది. రోజూ అండా కాగే ఇంట్లో ఈ పని నెలకొకసారి తప్పదు. ఆశ్వయుజ మాసపు వానలకు తడిసిన కట్టె వాడినప్పుడు మసి మరింత జిగటగా పడుతుంది. తడికట్టెలో ప్రతి కిలో నీటినీ ఆవిరి చేయడానికి దాదాపు రెండున్నర మెగాజౌళ్ళు పోతాయి, అంతకన్నా పెద్ద నష్టం ఏమిటంటే ఆ చెమ్మ మంటను చల్లార్చి పొగను మండనివ్వదు. సీమజాలిని నరికిన వెంటనే పొయ్యిలో పెట్టకుండా చీల్చి, నేలకు ఎడంగా పేర్చి, ఒక వేసవి ఎండనివ్వాలి.

ఇంటామె మొదటిసారి నోరు విప్పి, చలికాలంలో అంటించగానే అండా అడుగునుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా నిప్పుల మీద పడతాయని, చిల్లి ఎక్కడుందో ఎంత వెదికినా దొరకలేదని చెప్పింది. అది చిల్లి కాదు. ఒక కిలో ఎండుకట్టె మండినా అందులోని హైడ్రోజన్ గాలితో కలిసి అరకిలోకు పైగా నీటిఆవిరి పుడుతుంది, అది రాత్రంతా చల్లబడిన రాగి అడుగుకు తగిలి బొట్లుగా మారుతుంది. నీరు గోరువెచ్చన కాగానే బొట్లు ఆగిపోతే పాత్రకు ఏ దోషమూ లేనట్టే. ఆగకపోతే అప్పుడు మాటు వేయించుకోవాలి. అడుగుకూ నిప్పుకూ మధ్య ఎడం మరీ తక్కువైనా ఆ చల్లటి లోహానికి తగిలి మంట సగంలోనే మసిగా మారుతుంది, మరీ ఎక్కువైతే వేడి గోడలపాలవుతుంది. ఆ ఎడాన్ని మేస్త్రి తన జానతో కొలుస్తాడు, టీచరమ్మ స్కేలు అడుగుతుంది. ఈ తగాదా తెగలేదు.

ఒక్క విషయంలో ఇద్దరూ ఒకే గొంతుతో మాట్లాడారు. హిందూపురం చుట్టుపక్కల పట్టుపురుగుల షెడ్లలో చలికాలం వేడి నిలపడానికి బొగ్గుల కుంపటి పెట్టే అలవాటుంది, పురుగులకు ఇరవైనాలుగు నుంచి ఇరవైఎనిమిది డిగ్రీల వెచ్చదనం కావాలి కాబట్టి. బొగ్గుకు పొగ కనిపించదు, అందుకే నిరపాయమనిపిస్తుంది. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, మూసిన గదిలో నిద్రపోయేవారు నిద్రలోనే చనిపోతారు. ఆకు మేపడానికి వెళ్ళి అలసి అక్కడే పడుకునే మనిషి ఉన్న షెడ్డులో గాలిదారి మూసి కుంపటి పెట్టకూడదు. దీనికి మినహాయింపులు లేవు.

చివరకు మసి ఎవరు తీస్తారన్న ప్రశ్న మిగిలింది. నెలకోసారి మిద్దెక్కి గోనె లాగాలని మేస్త్రి చెప్పినప్పుడు ఇంటామె ఊరుకోలేదు.

ఇంటామె: మిద్దెక్కేదెవరన్నా? మగ్గంలో కూర్చున్న మనిషి చీర దిగేదాకా లేవడు, ఆడమనిషి పిట్టగోడ పట్టుకుని గొట్టం మీదికి వంగాలంటే కుదిరే పనేనా? ఆ మసి తీసే మూతేదో నిలబడితే చేతికందే ఎత్తులో, పెరటివైపుకు పెట్టు.

పెరటివైపు మూత రావాలంటే గొట్టానికి ఒక వంపు అదనంగా పడుతుందని మేస్త్రి అభ్యంతరం చెప్పాడు. ఆ వంపులో పోయే లాగుడును ఒక అడుగు ఎత్తు పెంచి రాబట్టుకోవచ్చని, కిందినుంచే పొడవాటి వెదురుకు గోనె కట్టి తోస్తే మిద్దెక్కే పని తగ్గుతుందని టీచరమ్మ లెక్క చూపింది. దానితో పాటు ఒక గుర్తు కూడా చెప్పింది: రోజూ పొద్దున మూడు కిలోల కట్టె తూచి పక్కన పెట్టుకుంటే, అది చాలక మళ్ళీ కట్టెల కుప్ప దగ్గరికి వెళ్ళవలసి వచ్చిన రోజు మసిమూత తీయవలసిన రోజు. మేస్త్రి అదనపు అడుగు గొట్టానికి అయ్యే డబ్బు ఎవరిదని అడిగాడు. ఇంటామె ఆ అడుగుకు ఒప్పుకుని, మూతకు పిడి మాత్రం చెక్కది కావాలంది.